పొద్దుకు గుడి కట్టిన రోజు తేదీ రాసుకోండి

2021 జూన్ 2న హైదరాబాద్‌లో పొద్దుకు గుడి కట్టింది. సూర్యుడి చుట్టూ పెద్ద వలయం, దాని లోపలి అంచున ఎరుపు. అంతకు తొమ్మిది రోజుల ముందు, మే 24న, బెంగళూరు వాళ్లూ అలాంటిదే చూశారు. కరోనా రెండో విడత రోజులవి. లాక్‌డౌన్‌లో ఉన్న జనం మిద్దెలెక్కి ఫోన్లు పైకెత్తారు. తెలిసినవాళ్లు, వాళ్లకు తెలిసినవాళ్లు పంపిన ఫొటోలతో నా ఫోన్ నిండిపోయింది. అన్నీ చక్కని ఫొటోలే. కానీ ఎన్ని గంటలకు తీశారు, ఏ ఊళ్లో తీశారు, గుడి ఎంతసేపు నిలిచింది అన్నది ఒక్కదాని కిందా లేదు. ఫోన్ చేసి అడిగితే "పొద్దుగాల్నే సార్, పదో పదకొండో అయితుండె" అన్నారు.

నేను మండల ఆఫీసుల్లో గణాంకాల ఉద్యోగం చేసి రిటైరయ్యాను. సగం సర్వీసు నల్గొండ జిల్లాలో, సగం పాత పాలమూరు జిల్లాలో. పంటల లెక్కలు, పశువుల లెక్కలు, జనాభా లెక్కలు అన్నీ చేశాను కానీ నాకు ఇష్టమైన పని ఒక్కటే. ఉదయం ఎనిమిదిన్నరకు వర్షమాపకం మూత తీసి, లోపలి నీళ్లను కొలగ్లాసులో పోసి, మిల్లీమీటర్లలో రిజిస్టర్‌కెక్కించడం. ఏడాదికి 600 నుంచి 750 మిల్లీమీటర్ల దాకా పడే నేల మాది. అందులో ఒక్కో మిల్లీమీటరు విలువ ఎంతో ఇక్కడి రైతుకు తెలుసు. ఆ పని వల్లే నాకు తల పైకెత్తి మొగులు చూసే అలవాటైంది. చూసింది చూసినట్టు తేదీతో రాసుకునే అలవాటు కూడా ఆ రిజిస్టర్ నుంచే వచ్చింది. ఆకాశంలో రంగులు చూసి మురిసిపోయేవాళ్లు లక్షల మంది. వాటిని రాసిపెట్టేవాళ్లు మన దగ్గర చాలా తక్కువ. ఈ వ్యాసం వాళ్ల సంఖ్య పెంచుదామన్న ఆశతో రాస్తున్నాను.

ముందు గుడి సంగతి. దీన్ని అరుదైన అద్భుతం అన్నారు. అరుదేమీ కాదు. ఎత్తున పల్చటి తెల్లమబ్బు పరుచుకున్న రోజుల్లో, ముఖ్యంగా మే, జూన్ నెలల్లో, మా ప్రాంతంలో ఇది తరచుగానే కడుతుంది. నడినెత్తి మీద ఎండ మండుతుంటే పైకి చూసేవాళ్లు లేకపోవడమే అరుదుగా అనిపించడానికి కారణం.

ఆ తెల్లమబ్బులో ఉండేది నీటి చుక్కలు కాదు. కింద 44 డిగ్రీల ఎండ కాస్తున్నా, ఏడెనిమిది కిలోమీటర్ల పైన అంతా గడ్డకట్టే చలి. అక్కడి నీరు సన్నని మంచు పలుకులుగా ఉంటుంది. ఒక్కో పలుకు ఆరు పలకల పెన్సిల్ ముక్కలా ఉంటుంది. ఒక పక్క పలకలోంచి లోపలికెళ్లిన వెలుగు, తర్వాతి పలకను వదిలేసి ఆపై పలకలోంచి బయటికొస్తుంది. ఆ రెండు పలకల మధ్య కోణం 60 డిగ్రీలు. బడిలో చూపించే గాజు పట్టకం కోణమూ అదే. మంచులో ఈ దారిన వెళ్లే వెలుగు దాదాపు 22 డిగ్రీలకు తక్కువ వంగలేదు. పలుకులు అన్ని వైపులా తిరిగి ఉంటాయి కాబట్టి వంగిన కిరణాలు ఆ 22 డిగ్రీల దగ్గరే ఎక్కువగా పోగవుతాయి. సూర్యుడికి ఆ దూరంలో చుట్టూ వలయం ఏర్పడుతుంది. ఎరుపు అన్ని రంగులకంటే తక్కువ వంగుతుంది కాబట్టి లోపలి అంచున ఉంటుంది. వలయం లోపలి ఆకాశం బయటికంటే నల్లగా కనిపించడానికి కారణం, 22 డిగ్రీల లోపలికి ఆ దారిన వెలుగు రాలేకపోవడమే.

దీన్ని కొలవడానికి పరికరం అక్కర్లేదు. చేయి బారుగా చాచి, వేళ్లు విప్పి జాన పెట్టండి. బొటనవేలు కొన సూర్యుడి మీద ఉంటే చిటికెనవేలు కొన వలయాన్ని తాకుతుంది. పెద్దవాళ్ల చేయి పెద్దది, పిల్లల చేయి చిన్నది కదా అని అడుగుతారు. చేయి పొడవు, జాన రెండూ కలిసే పెరుగుతాయి కాబట్టి లెక్క పెద్దగా మారదు. ఒక్క జాగ్రత్త తప్పనిసరి: సూర్యుణ్ని నేరుగా చూడొద్దు, ఫోన్ తెరలో చూసుకుంటూ కన్ను అటు తిప్పొద్దు. మిద్దె అంచో కరెంటు స్తంభమో అడ్డం పెట్టుకుని, సూర్యుడు పూర్తిగా చాటయ్యాకే చుట్టూ చూడాలి.

చంద్రుడికీ గుడి కడుతుంది. దాని మీద మా ఊళ్లలో ఒక మాట ఉంది: దూరపు గుడి దగ్గర వాన, దగ్గర గుడి దూరపు వాన. అచ్చంపేట వైపు పనిచేసేటప్పుడు గొర్లు కాసే ఒక పెద్దమనిషి దీన్ని నాకు చేత్తో చూపించి మరీ చెప్పాడు. "సారూ, గుడి చందమామకు అంటుకున్నట్టుంటే మందను మైదానంలనే పండబెడ్త. ఇంత దూరం జరిగిందనుకో, గుట్టకిందికి తోల్త" అని చేయి బారుగా చాచాడు. చదువురాని ఆ మనిషి వేరు చేసి చూపించింది రెండు వేరువేరు దృశ్యాలను. దూరపు గుడి అంటే ఇప్పుడు చెప్పిన 22 డిగ్రీల మంచు వలయం. దగ్గర గుడి చంద్రుడికి రెండు మూడు వేళ్ల దూరంలోనే ఉంటుంది. అది మంచువల్ల పుట్టేది కాదు. నీటి చుక్కలున్న పల్చటి మబ్బు చంద్రుడి ముందుకొచ్చినప్పుడు, వెలుగు ఆ చుక్కల అంచుల చుట్టూ వంగి పరుచుకోవడం వల్ల ఏర్పడుతుంది. చుక్కలు ఎంత చిన్నవైతే వలయం అంత పెద్దదవుతుంది. రంగుల వరస కూడా తిరగబడుతుంది. మంచు గుడికి ఎరుపు లోపల, నీటి గుడికి ఎరుపు బయట. ఎరుపు ఎటుందో ఒక్కసారి చూస్తే చాలు, పైన ఉన్నది మంచా నీరా అన్నది తేలిపోతుంది. విమానం ఎక్కకుండా, బెలూన్ వదలకుండా మబ్బు లోపల ఏముందో చెప్పగలగడం నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరించే సంగతి.

సామెత నిజమేనా? నా నోట్‌బుక్కునూ వాన రిజిస్టర్‌నూ పక్కపక్కన పెట్టి చూసినంతలో, రుతువును బట్టి ఉంది. మే నెలలో కట్టిన గుడి చాలాసార్లు వాన తేలేదు. ఎక్కడో దూరాన లేచిన ఉరుముల మబ్బు తల పైన గాలికి చెదిరి మా నెత్తి మీదికి వస్తుంది. గుడి మాకు, వాన వాళ్లకు. అక్టోబరు, నవంబరులో బంగాళాఖాతంలో వాయుగుండం పట్టినప్పుడు కట్టే గుడి వేరు. వాయుగుండం పైనుంచి చిమ్మిన మంచుమబ్బు దానికంటే ముందే మాకు చేరుతుంది. అప్పుడు ఆ గొర్లకాపరి లెక్క బాగా కుదిరింది, ఒకటి రెండు రోజుల్లో వర్షమాపకంలో నీళ్లుండేవి. మా ఒక్క ప్రాంతపు రాతలతో సామెత మీద తీర్పు తీర్చలేను. పది మండలాల్లో పదిమంది రాస్తే తీర్చవచ్చు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ప్రియమైనది చెబుతాను. ఆకాశంలో రంగులు చూడాలంటే చలి దేశాలకు వెళ్లాలని ఈ విషయం మీద వచ్చిన పుస్తకాలు చదివితే అనిపిస్తుంది. ఫిన్లాండ్‌లో ఖగోళ సంఘం సభ్యులు చలికాలపు రాత్రుల్లో గాలిలో తేలే మంచు పలుకుల మీద పెద్ద లైట్లు వేసి మరీ వలయాలు చూస్తారు. అక్కడి ఔత్సాహికుడు యార్మో మోయిలనెన్ 1995లో అంతవరకూ ఎవరూ గుర్తించని ఒక చాపాన్ని ఫొటో తీశాడు. దానికి ఇప్పుడు ఆయన పేరే. వాళ్ల శ్రద్ధకు దండం పెట్టాలి. కానీ వాళ్లు తమ ఊళ్లో నిలబడి ఎన్నటికీ చూడలేనిది ఒకటుంది, మనకు అది మధ్యాహ్నం భోజనాల వేళ దొరుకుతుంది.

పలకల్లా పల్చగా ఉన్న మంచు పలుకులు గాలిలో బల్లపరుపుగా తేలుతుంటాయి. ఎత్తున ఉన్న సూర్యుడి వెలుగు వాటి నిలువు అంచులోంచి లోపలికి దూరి, అడుగు పలకలోంచి దిగుతుంది. అక్కడి కోణం 90 డిగ్రీలు కావడంతో రంగులు చాలా స్వచ్ఛంగా విడిపోతాయి. సూర్యుడికి సుమారు 46 డిగ్రీల కింద, అంటే రెండు జానలకు కొంచెం పైగా, దిగంతానికి సమాంతరంగా రంగుల పట్టీ పడుతుంది. పైన ఎరుపు, కింద ఊదా. మబ్బు తునకలుగా ఉంటే తునకలే రంగు తేలతాయి. దీన్ని చాలామంది మబ్బులో సింగిడి (ఇంద్రధనుస్సు) అంటారు. సింగిడి ఎప్పుడూ సూర్యుడికి ఎదురుదిక్కున ఉంటుంది. ఇది సూర్యుడున్న వైపే, సూర్యుడి కిందే ఉంటుంది. దీనికి ఒక నియమం: సూర్యుడు 58 డిగ్రీల పైకెక్కాలి. హెల్సింకిలో నడివేసవిలో కూడా సూర్యుడు 54 డిగ్రీలు దాటడు. నల్గొండ 17 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. లెక్క వేసి చూడండి, ఫిబ్రవరి రెండో వారం నుంచి నవంబరు మొదటి రోజుల దాకా ప్రతి మధ్యాహ్నం ఇక్కడ సూర్యుడు ఆ ఎత్తు దాటుతాడు. మే రెండో వారానికి అటూఇటూ, మళ్లీ ఆగస్టు మొదటి వారంలో ఒక రోజు, నిలువు స్తంభానికి నీడే లేకుండా సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు. రంగుల పట్టీకి మాత్రం మరీ నడినెత్తి మంచిది కాదు. సూర్యుడు 68 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు అది బాగా వెలుగుతుంది. మార్చి రెండో వారంలో, అక్టోబరు మొదటి వారంలో మా దగ్గర మధ్యాహ్నం పన్నెండుంబావుకు సూర్యుడు ఉండేది ఇంచుమించు అక్కడే. దక్షిణం వైపు, చెట్ల తలలకు కాస్త పైన వెతకాలి. మా నేల మీద గుట్టలూ బండలే తప్ప దట్టమైన చెట్లు తక్కువ, దిగంతం నలువైపులా తెరిచి ఉంటుంది. కరువు నేల అని చిన్నబుచ్చుకునే ఈ నేల ఆకాశం చూసేవాళ్లకు ఎంత అనువైనదో చెప్పలేను.

సింగిడిని గురించి అందరికీ తెలుసు కాబట్టి వేళ సంగతి మాత్రం చెబుతాను. వానచుక్కలోంచి తిరిగొచ్చే వెలుగు, సూర్యుడికి సరిగ్గా ఎదురుగా ఉన్న బిందువు చుట్టూ 42 డిగ్రీల వలయం గీస్తుంది. సూర్యుడు 42 డిగ్రీల కంటే ఎత్తులో ఉంటే ఆ వలయం మొత్తం నేల కిందికి పోతుంది. జూలైలో నల్గొండలో పొద్దు బాగా ఎక్కాక, మధ్యాహ్నం మూడున్నర దాటేదాకా సింగిడి పొడిచే వీలే లేదు. వానాకాలం సాయంత్రం ఎండా వానా కలిసి కుక్కకూ నక్కకూ పెండ్లవుతుంటే తూర్పుకు తిరగండి. పెద్ద సింగిడికి పైన 51 డిగ్రీల దగ్గర రెండోది వెలిసిందేమో, దానిలో రంగులు తిరగబడ్డాయేమో, రెండింటి మధ్య ఆకాశం నల్లబడిందేమో చూడండి. కిందికి చూడగలిగే చోట మాత్రం ఈ వేళల నియమం సడలుతుంది. నాగార్జునసాగర్‌లో వరద వచ్చి 26 గేట్లలో కొన్నైనా ఎత్తినప్పుడు, సూర్యుణ్ని వీపు వెనక పెట్టుకుని ఎత్తైన చోటి నుంచి, కింద లేచే తుంపర వైపు చూస్తే ఎక్కువ ఎండలోనూ సింగిడి దొరుకుతుంది.

యాసంగి నారుమళ్లలో ఇంకొకటి. డిసెంబరు ఉదయం పొద్దు పొడిచాక, మంచు పట్టిన నారుమడి పక్కన గట్టు మీద నిలబడితే మీ నీడ పొడుగ్గా నారు మీద పడుతుంది. నీడలో తల చుట్టూ తెల్లని వెలుగు. పక్కన నిలబడ్డ మనిషి నీడకు అది ఉండదు, ఆయనకు తన నీడకే ఉంటుంది. ఆకు నూగు మీద నిలిచిన మంచుబొట్టు ఎండను ఆకు మీదికి గుచ్చుతుంది, అక్కడి నుంచి వెలుగు వచ్చిన దారినే వెనక్కి వస్తుంది. వచ్చిన దారి మీ కంటి దగ్గరే కాబట్టి మీకు కనిపించేది మీదే. పదహారో శతాబ్దంలో ఇటలీ శిల్పి చెల్లీని దీన్ని తన మీద కలిగిన దైవానుగ్రహం అనుకుని ఆత్మకథలో రాసుకున్నాడు. మా నల్గొండలో నారు పోసే ప్రతి రైతుకూ ఆ అనుగ్రహం ఉంది.

ఎండమావులకు హైదరాబాద్–విజయవాడ రోడ్డు మీద నార్కట్‌పల్లి దాటాక ఏప్రిల్ మధ్యాహ్నం చాలు. సి.వి. రామన్ తన డెబ్భయ్యో ఏట, 1959లో, శాస్త్రవేత్త పంచరత్నంతో కలిసి వీటి మీద పరిశోధన పత్రం రాశాడని చెబితే, ఇది చిన్నపిల్లల విషయం కాదని నమ్ముతారు.

పానగల్లు గురించి చెప్పకుండా నల్గొండ వెలుగుల గురించి రాయకూడదు. పట్టణానికి దగ్గర్లోనే, కందూరు చోడుల కాలపు ఛాయా సోమేశ్వరాలయం. గర్భగుడిలో లింగం వెనక గోడ మీద పగలంతా కదలని నీడ ఒకటి ఉంటుంది. సూర్యుడు తూర్పు నుంచి పడమరకు పోతున్నా అది జరగదు. ఆలోచిస్తే జవాబు ఆకాశంలోనే ఉంది. నేరుగా పడే ఎండ వల్ల వచ్చే నీడ జరగక తప్పదు. ఇక్కడ పని చేసేది గాలి చెదరగొట్టిన వెలుగు, అంటే నలువైపులా పరుచుకున్న పగటి ఆకాశపు కాంతి. అది మండపం తెరుపుల్లోంచి స్తంభాల నడుమగా లోపలికి వస్తుంది. సూర్యుడు కదిలినా ఆ తెరుపులు కదలవు. గాలి లేని చంద్రుడి మీద ఆకాశం పగలూ నల్లగానే ఉంటుంది. అక్కడ ఈ గుడి కడితే ఈ నీడ పడదు. మన శిల్పులు చెదిరిన వెలుగుతో పనిచేశారన్నది నాకు ఎంతో గర్వంగా ఉంటుంది.

చూసింది వర్గాలుగా విడదీయడం కూడా మనకు పాతదే. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో పరివేషానికి (మన గుడికి), ఇంద్రధనుస్సుకు, గంధర్వనగరానికి (ఆకాశంలో కనిపించే ఊరికి), ప్రతిసూర్యుడికి (సూర్యుడి పక్కన కనిపించే మారు సూర్యుడికి) వేరువేరు అధ్యాయాలు పెట్టాడు. వాటిని రాజుకూ రాజ్యానికీ శకునాలుగా చదివాడు. ఆ శకునాలను వదిలేసినా, ఆయన వర్గీకరణ చూసినవాడు చేసిన వర్గీకరణే. సూర్యకిరణాలే మబ్బున్న ఆకాశంలో చెదిరి విల్లుగా కనిపిస్తాయని కూడా ఆయన రాశాడు. ఆ చూపు తర్వాత శకునభయం మిగిలి పరిశీలన పోవడం మన దురదృష్టం. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మా నల్గొండ, పాలమూరు మీదుగానే వెళ్లింది. జపాల్–రంగాపూర్ వేధశాలలో ఉస్మానియా శాస్త్రజ్ఞులు పరికరాలతో ఎదురుచూస్తుంటే, మా ఊళ్లో తలుపులు మూసుకుని కూర్చున్నారు. గ్రహణం పూర్తిగా పట్టిన ఆ రెండు నిమిషాల్లో దిగంతం చుట్టూ నాలుగు దిక్కులా సంధ్య రంగు తేలుతుంది. అది చూసే అదృష్టం ఊళ్లకు ఊళ్లు పోగొట్టుకున్నాయి.

తేదీ రాసిన ఒక్క వాక్యం ఏం చేయగలదో చెప్పడానికి 1883 కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. ఆ ఏడు ఆగస్టు 26, 27 తేదీల్లో ఇప్పటి ఇండొనేషియాలో క్రకటోవా అగ్నిపర్వతం పేలింది. సెప్టెంబరు రెండో వారంలో సింహళంలో, మద్రాసు రాజధానిలో సూర్యుడు ఆకుపచ్చగా, నీలంగా కనిపించాడు. మద్రాసులో భౌతికశాస్త్రం చెప్పే మిచీ స్మిత్ వర్ణపటదర్శినితో ఆ వెలుగును పరిశీలించాడు. మన ఒంగోలు నుంచి వెళ్లిన ఉత్తరం కూడా ఆ రికార్డుల్లో ఉంది. ఓడల లాగ్ పుస్తకాల నుంచి, తీరప్రాంతాల ఉత్తరాల నుంచి ఇలాంటివి పోగుచేసి లండన్ రాయల్ సొసైటీ 1888లో పెద్ద నివేదిక అచ్చేసింది. ఏ రోజు ఏ ఊళ్లో సూర్యుడి రంగు మారిందో వరసగా పెట్టి చూస్తే, ధూళి తూర్పునున్న జావా నుంచి పడమరకే ప్రయాణించి, ఆఫ్రికా, అమెరికా దాటి, సుమారు రెండు వారాల్లో భూమి చుట్టి వచ్చిందని తేలింది. భూమధ్యరేఖ మీద అంత ఎత్తున గాలి ఎటు వీస్తుందో మనిషికి అలా తెలిసింది. ఉపగ్రహాలు లేవు, బెలూన్లు అంత ఎత్తుకు వెళ్లలేదు. జనం చూసి, తేదీ వేసి, రాసి పంపారు, అంతే. ఆ ఉత్తరాల్లో తేదీలు లేకపోతే అవి వింత కబుర్లుగా మిగిలేవి.

కాబట్టి ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. తేదీ, గడియారం చూసి సమయం, ఊరు, మండలం. వలయమైతే సూర్యుడికో చంద్రుడికో ఎన్ని జానలు, ఎరుపు లోపలా బయటా, పూర్తిగా ఉందా, ఏ వైపైనా తెగిందా. మబ్బు ఎలా ఉంది. ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు పోయింది. ఫొటో తీస్తే చెట్టు కొమ్మో మిద్దె మూలో చట్రంలో పడేలా తీయండి, తర్వాత కోణం లెక్క కట్టుకోవచ్చు. రంగులు బాగా కనబడాలని ఫోన్‌లో ఫొటోను మార్చకండి, మార్చని ఫొటోను దాచుకోండి. బడిపిల్లలుంటే వాళ్ల చేత రాయించండి. జాన పెట్టి కొలవడం వాళ్లకు ఆటలా ఉంటుంది.

ఇంకొకటి, ఉద్యోగంలో నేర్చుకున్నది. వాన పడని రోజు కూడా రిజిస్టర్ ఖాళీగా వదిలేవాళ్లం కాదు, 0.0 అని రాసేవాళ్లం. ఖాళీ ఉంటే చూడలేదేమో అన్న అనుమానం మిగులుతుంది. పక్క మండలంలో గుడి కట్టిందని ఫోన్ వచ్చి, మీరు బయటికెళ్లి చూస్తే మీ దగ్గర ఏమీ లేకపోతే, ఆ సమయం వేసి ఏమీ లేదనే రాయండి. మబ్బు అంచు ఎక్కడ తెగిందో ఆ రాతతోనే తెలుస్తుంది.